ఉండిపోయిన విస్తరి

వారంలో ఏడు రోజులూ ఉపవాసం ఉండగలిగే మనుషుల్ని నేను ఒక్క చోటే చూశాను. అది మఠం కాదు. మా కమిటీ.

దేశాల మధ్య సంస్కృతుల మార్పిడి జరిపించే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. కొరాపుట్, రాయగడ జిల్లాలకు దాని కార్యవర్గమే మా కమిటీ. సంస్థ పేరు చెప్పను, పని చెప్తాను. వేరే దేశం పిల్ల ఒకరు ఇక్కడ ఒకరి ఇంట్లో కొన్ని నెలలు సొంత బిడ్డలా ఉంటారు. ఈ ఇంటి బిడ్డ ఆ దేశం వెళ్ళి అక్కడ ఇంకొకరి ఇంట్లో అలాగే ఉంటూ, బడిలోనో ఆసుపత్రిలోనో సాయం చేస్తారు. ఖర్చంతా సంస్థది. ఏ ఇల్లు తగినదో చూసి చెప్పడం మా పని. జీతం లేదు. సభ జరిగినప్పుడు మెడలో కండువా వేస్తారు, అది చాలామందికి జీతం కంటే ఎక్కువ.

నేను అందులోకి వెళ్ళడానికి పెద్ద కారణమేమీ లేదు. రాయగడలో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. మా మామగారు పార్వతీపురం నుంచి వచ్చి పెట్టింది. కొట్టు మీద పెద్ద గది ఖాళీగా ఉండేది. కమిటీకి కూర్చోవడానికి ఒక గది కావాలి, పేర్ల మధ్య ఊళ్ళో ఆడమనిషి పేరు ఒకటి కావాలి. రెండూ ఒకే మెట్లెక్కితే దొరికాయి.

అధ్యక్షుడిది జయపురంలో రైసు మిల్లు. ఎవరినైనా చెల్లెమ్మా, తమ్ముడూ అని భుజం తట్టి మాట్లాడతాడు. కార్యదర్శి కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, మా రాయగడవారే. 'సంస్కృతి' అన్న మాట పలికేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. ఇంకొకావిడ దామంజోడి టౌన్‌షిప్పులో ఉంటుంది. ఆవిణ్ణి అందరం మేడమ్ అనే పిలుస్తాం, మరో పిలుపుకు ఆవిడ పలకదు. నేను నాలుగోదాన్ని. మా గది గోడకు ఒక బ్యానరు కట్టారు, 'ప్రపంచమంతా ఒకే ఇల్లు' అని. దాని కింద కుర్చీలు వేసుకుని, ఎవరి ఇల్లు పనికొస్తుందో ఎవరిది పనికిరాదో తేల్చేవాళ్ళం.

తేల్చడానికి పై ఆఫీసువాళ్ళు ఒక నియమం పెట్టారు. మంచి నియమమే. పరాయి పిల్లను ఒక ఇంట్లో ఉంచే ముందు కమిటీ సభ్యులందరూ ఆ ఇంటికి వెళ్ళి, ఆ కుటుంబంతో పాటు కూర్చుని ఒక పూట భోజనం చెయ్యాలి. ఆ ఫోటో పంపాలి. మనం తినలేని ఇంట్లో పరాయి పిల్ల ఏం తింటుంది, ఎలా ఉంటుంది అని దాని వెనక ఆలోచన. భోజనం జరగకపోతే ఇల్లు పాసు కాదు. ఇల్లు పాసు కాకపోతే ఆ ఇంటి బిడ్డ వెళ్ళడానికి లేదు.

ఆ ఏడు మా ముందుకు వచ్చిన పిల్లల్లో కొరాపుట్ అమ్మాయి ఒకత్తి ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తండ్రి మునిసిపాలిటీలో కాలవలు తీసే గ్యాంగుకి జమాదారు. తల్లి కూరగాయల మార్కెట్టు ఊడుస్తుంది. తాతల కాలంలో ఈ పని కోసమే విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో దేసియా, కాలేజీలో ఒడియా మాట్లాడే ఆ పిల్ల, ఫోను పట్టుకుని జర్మన్ కూడా కొంత నేర్చేసుకుంది. ఎందుకంటే ఆ ఏడు ఉన్న ఒకే ఒక్క ఖాళీ జర్మనీలో, చెవిటి పిల్లల బడిలో.

ఆ అమ్మాయి చెల్లెలికి పుట్టుకతోనే చెవుడు. బడికి వెళ్తుంది, వెనక బెంచీలో కూర్చుంటుంది, వచ్చేస్తుంది. ఇంటర్వ్యూలో మాస్టారు కళ్ళు మూసుకుని, "నువ్వు అక్కడికి వెళ్ళి మన సంస్కృతిని ఏ విధంగా పరిచయం చేస్తావు?" అని అడిగారు. ఆ పిల్ల కాస్త ఆలోచించి, "నేను సూపెట్టడానికి కాదండి, సూడ్డానికెల్తాను. ఆ పిల్లలకి ఆళ్ళు సదువెలగ సెప్తారో సూసొస్తే, మా సెల్లికి నేనే సెప్పుకుంటాను," అంది. మార్కులు అందరి చేతా ఆ పిల్లకే ఎక్కువ పడ్డాయి. ఇక మిగిలింది ఇల్లు.

కమిటీ మొత్తం వెళ్ళే ముందు ఒకరు వెళ్ళి చూసి రావాలి. ఆ పని ఎప్పుడూ నా మీదే పడేది. ఉదయం బండికి కొరాపుట్ వెళ్ళాను. ఊరు పొగమంచులోంచి ఇంకా తేలలేదు. మునిసిపాలిటీ క్వార్టర్లలో ఆ ఇల్లు ఒక గది, ఒక వంటగది, ముందు చిన్న వరండా. వరండా అప్పుడే కడిగారు, అరికాలికి చల్లగా తగిలింది. టీ ఇచ్చిన స్టీలు గ్లాసుకి కంపెనీ స్టిక్కరు ఇంకా అంటుకునే ఉంది. నేను అమ్మేది అవే కాబట్టి తెలుసు, నా కోసమే కొన్నారు.

టీ తాగి గ్లాసు కిందపెట్టాను. తండ్రి రెండు చేతులూ కట్టుకుని నిలబడి, "అమ్మగోరూ, ఏటీ అనుకోకండి. ఆ గ్లాసు కుళాయి కాడ కడిగి ఎట్టీండి. మా ఇంట్లో ఎవురు తిన్నది ఆళ్ళే తీసుకుంటారు," అన్నాడు.

నాకు చుర్రుమంది, ఎందుకు దాచుకోవాలి. ఇంటికి పిలిచి గ్లాసు కడుక్కోమనడమేమిటనుకున్నాను. నా ముఖం చూసి ఆయనే చెప్పాడు.

"తెల్లారకముందు నుంచి ఊరందరిదీ మేమే ఎత్తుతాం గదండి. ఇంటికొచ్చినాక కూడా ఎవురిదో ఎంగిలి నా పెళ్ళాం, నా పిల్లలు ఎత్తడం నేను సూడలేను. మా నాన్న పెట్టిన రూలిది. సుట్టాలొచ్చినా ఇంతే, కౌన్సిలరొచ్చినా ఇంతే."

"ఈ రూలు మూలంగానే సుట్టాలు తగ్గిపోనారండి," అంది తల్లి లోపలి నుంచి, నవ్వుతూ.

నేను లేచి గ్లాసు కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. చెల్లెలు వచ్చి నా పక్కన నిలబడి, నేను సరిగ్గా కడిగానా లేదా అని గ్లాసు ఎత్తి చూసింది. బాగుందన్నట్టు తలూపింది. ఆ ఇల్లు నాకు నచ్చింది. ఒక పిల్లను ధైర్యంగా వదిలి రాగలిగిన ఇల్లు. అదే కమిటీకి చెప్పాను.

అప్పుడు మొదలయ్యాయి ఉపవాసాలు. సోమవారం వెళ్దామంటే అధ్యక్షుడికి శివుడు. శనివారం కూడా ఆయనకే, వెంకన్న. మంగళవారం మాస్టారికి ఆంజనేయస్వామి. గురువారం అంటే మార్గశిరం వచ్చేసింది, ఇక్కడ ఒడియా ఇళ్ళలో లక్ష్మీపూజ చేసే మాణబసా గురువారాలు. మాస్టారు పక్కింటి ఒడియా వాళ్ళ పూజ కూడా తన మీద వేసుకున్నారు. శుభ్రంగా ఉన్న ఇల్లు ఎవరిదైనా లక్ష్మి వస్తుందని కదా ఆ పూజ, మనం ఎందుకు వెళ్ళకూడదని నేనంటే, "అది వేరు సెల్లెమ్మా," అన్నాడు అధ్యక్షుడు. శుక్రవారం మేడమ్‌కి ఒంటిపూట. ఆదివారం ఆ ఇంట్లో నీచు వండుతారేమో, గిన్నెలు అవే కదా అని మేడమ్‌కే అనుమానం. ఉపవాసం లేని రోజు దొరికితే ఆ రోజు ఏకాదశి అయ్యేది.

నమ్మేదాన్నేమో. కానీ ఆ నెలలోనే జయపురంలో ఒక డాక్టరుగారి ఇంటికి అందరం భోజనానికి వెళ్ళాం. వాళ్ళ అమ్మాయి కూడా అదే ఖాళీకి పెట్టుకుంది, మార్కుల్లో రెండోది. అది సోమవారం. అధ్యక్షుడు పూరీలు తిన్నాడు, పులిహోర తిన్నాడు, పాయసం రెండోసారి పోయించుకున్నాడు. ఆ ఇంటి నౌకరు వచ్చి కంచాలు తీశాడు. నేను అధ్యక్షుడి పక్కనే కూర్చుని, "ఈ వేళ శివుడు లేడా అన్నయ్యగారూ?" అన్నాను. ఆయన దగ్గాడు. మాస్టారు కిటికీలోంచి తోట చూడటం మొదలుపెట్టారు. మేడమ్ నా కాలు తొక్కింది.

కులం మాట ఒక్కరూ నోటితో అనరు. అంటే తిట్టవచ్చు, కేసు పెట్టవచ్చు, కనీసం మొహం మీదే చెప్పమని అడగవచ్చు. వీళ్ళు దేవుళ్ళందరినీ తెచ్చి గుమ్మంలో అడ్డం నిలబెట్టారు. పైగా అంత మర్యాదగా, అంత నవ్వుతూ.

తరువాత సమావేశంలో గట్టిగా అరిచాను. కింద కొట్టులో గిన్నెలు బేరమాడుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారని మా ఆయన చెప్పాడు. మార్కుల్లో మొదటి పిల్ల ఇంటి ఫోటో ఏదని పై ఆఫీసువాళ్ళు కూడా అప్పటికే అడిగారు. ఇక తప్పక బుధవారం ఖాయం చేశారు. బుధవారానికి ఏ దేవుడూ వాళ్ళ చేతికి దొరకలేదు.

ఆ రోజు మాస్టారు, నేను ఆయన కారులో లక్ష్మీపూర్ మీదుగా బయలుదేరాం. లక్ష్మీపూర్లో రోడ్డు పక్కన కారాపించి ఆయన టీ తాగారు. కొట్టువాడు గ్లాసులు ఒకే బకెట్టులో ముంచి తీస్తున్నాడు, ఆ నీళ్ళ రంగూ టీ రంగూ ఒక్కటే. మాస్టారు ఇంకొక గ్లాసు అడిగి తాగి, ఘాట్ దారిలో టీ రుచే వేరన్నారు. ఆ బకెట్టు ఎవరు నింపారో, ఆ గ్లాసులో అంతకు ముందు ఎవరు తాగారో ఆయనకు పట్టలేదు. మేం కొరాపుట్ చేరేసరికి దామంజోడి నుంచి మేడమ్ వచ్చేసింది. అధ్యక్షుడు ఇంకా రాలేదు.

తల్లి ఆ రోజు సెలవు పెట్టింది. కమిటీవాళ్ళు శాకాహారులని నేను చెప్పడంతో గుమ్మడికాయ పులుసు పెట్టింది, అరటికాయ వేపింది, ముద్దపప్పు చేసింది. అన్నం కాళాజీరా బియ్యంతో. మా వైపు పండే వాసన బియ్యం, నల్లగా చిన్నగా ఉంటాయి వడ్ల గింజలు. సందులోకి రాగానే ఆ వాసన తగిలింది. వాకిట్లో అడ్డాకు విస్తళ్ళు తడిపి ఆరబెట్టారు.

అమ్మాయి నన్ను వంటగది మూలకు తీసుకెళ్ళింది. "అమ్మగోరూ, నాన్నకి సెప్పేను. ఈ ఒక్క పూటకి రూలు ఒగ్గీ నాన్నా, ఆళ్ళు తిన్నాక ఆకులు నేను తీసెత్తానని. ఏటీ పలకలేదు. మీరొకసారి సెప్పండి."

నేను చెప్పలేదు. ఏమని చెప్పను. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అధ్యక్షుడి కారు వచ్చింది. ముందు ఆయన దిగలేదు, డ్రైవరు దిగాడు. రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులు. ఊళ్ళో ఒక హోటలు నుంచి భోజనాలు, ప్యాకెట్లలో. సాంబారు ప్లాస్టిక్ కవరులో ముడేసి ఉంది. వెనకాలే నీళ్ళ సీసాల కట్ట.

తల్లి గరిటె పట్టుకుని బయటికొచ్చి ఆ సంచుల్ని చూసింది. "ఇయ్యేటండి?"

"మీకు శ్రమెందుకని తల్లీ," అన్నాడు అధ్యక్షుడు, నవ్వుతూ.

"నేనొండేసినానండి."

మాస్టారు ముందుకొచ్చారు. "నియమంలో ఈ ఇంట్లో భోజనం చెయ్యాలని ఉందమ్మా. ఈ ఇంట్లో వండిందే తినాలని లేదు. వండింది ఎక్కడికి పోతుంది, రాత్రికి మీకు పనికొస్తుంది."

నేనెప్పుడూ చూడనంత అసహ్యంగా కనిపించారు ఆ ముసలాయన నాకు. ఆ తెలివి ఒక్క క్షణంలో పుట్టింది కాదు, కారులో నా పక్కన కూర్చుని టీ రుచి గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా ఆయన మనసులో ఉందది. మొత్తం జిల్లాలో ఇంకెవరికీ ఈ ఊహ రాదు. ఒకరి ఇంట్లో తిని చూపించమంటే, ఆ ఇంటి మెతుకు తగలకుండా ఆ ఇంట్లో తినడమెలాగో కనిపెట్టారు. నోరు తెరిచాను. అమ్మాయి వెనక నుంచి నా చెయ్యి పట్టుకుంది. నోరు మూసుకున్నాను.

అందరం వరసగా కూర్చున్నాం, వాళ్ళు నలుగురు, మేం నలుగురం. వాళ్ళ విస్తళ్ళే, హోటలు అన్నం. డ్రైవరు వడ్డించాడు. నాకు ఇంట్లో అన్నమే కావాలన్నాను. తల్లి గబుక్కున లేచి వెళ్ళి తెచ్చి పెట్టింది. దాని ఆవిరి పక్కకు తగిలి అధ్యక్షుడు ముక్కు ఎగబీల్చాడు. "కాళాజీరా. మంచి సరుకే," అన్నాడు. జీవితమంతా బియ్యంలో బతికినవాడు కదా. అని, తన ముందున్న చల్లారిన హోటలు అన్నంలో ప్లాస్టిక్ కవరు విప్పి సాంబారు పోసుకున్నాడు.

డ్రైవరు ఫోటోలు తీశాడు. ఫోటో తీసేటప్పుడు మేడమ్ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. తీశాక ఆ చెయ్యి సీసా నీళ్ళతో కడుక్కుంది, తినే ముందు కడుక్కున్న చెయ్యే అది.

అధ్యక్షుడు తినడం నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ములక్కాడ నమిలి పిప్పి ఆకు అంచున గుట్ట పెట్టాడు. పెరుగు పిసికి సగం వదిలేశాడు. అప్పడం పెరుగులో నానుతోంది. తిన్నాక సీసా వంచి చెయ్యి ఆకులోనే కడిగాడు. కాగితంతో మూతి తుడుచుకుని ఆ కాగితం కూడా అందులోనే పడేశాడు. అడ్డాకు కుట్లలోంచి ఆ నీళ్ళు కారి, పొద్దున్న కడిగిన గచ్చు మీద సన్నగా పాకాయి. పెరుగు నీళ్ళు, సాంబారు నూనె.

నేను లేచి నా ఆకు మడిచి బయట తొట్టిలో వేశాను. నన్ను చూసి మేడమ్ రెండు వేళ్ళతో తన ఆకు పట్టుకుని తెచ్చి వేసింది, ముఖం పక్కకు తిప్పుకుని. మాస్టారు అటూ ఇటూ చూసి ఆయనా తెచ్చారు. ఆ కుటుంబం ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. అధ్యక్షుడు ఫోను చెవికి పెట్టుకుని, ఎవరితోనో లారీ గురించి మాట్లాడుతూ చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళి కారెక్కాడు.

గచ్చు మీద ఒక్క విస్తరి ఉంది.

ఎవరూ కదల్లేదు. తల్లి ఆకు వైపు చూసింది, భర్త వైపు చూసింది. చెల్లెలికి ఏమీ వినబడదు కానీ అందరి కంటే ముందు అర్థమైనట్టుంది, గోడకు ఆనుకుంది. నేను చూస్తూ ఉండగానే అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని వంగింది.

అప్పుడు తండ్రి బయటికి పరిగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. వాకిట్లోంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. కారు అద్దం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఇక్కడి ఒడియా మర్యాదతో, "ఆగ్యా," అన్నాడు. "తమరి ఇస్తరి ఉండిపోనాదండి."

అధ్యక్షుడు జేబులు తడుముకున్నాడు. "ఏటి ఉండిపోయింది? ఫోను నా కాడే ఉందే."

"ఇస్తరండి. తమరు తిన్నది. మా ఇంట్లో ఎవురిది ఆళ్ళే తీస్తారు. తమరు రండి, కుళాయి నేను తిప్పుతాను, సెయ్యి కడుక్కుందురు."

అధ్యక్షుడు నవ్వాడు. ఎవరూ తనతో కలిసి నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"నువ్వేం పని సేస్తావయ్యా?"

"కాలవలు తీయిస్తానండి. మునిసిపాల్టీలో."

"మరింకేటి?" అన్నాడు.

అంతే అన్నాడు. కోపం లేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు, అదే నాకు మరీ రోత పుట్టించింది. అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది. దాని వెనకాలే మేడమ్ కారు. మాస్టారు నన్ను పిలిచారు, రానన్నాను.

లోపలికొస్తే అమ్మాయి ఇంకా సగం వంగి అలాగే ఉంది, ఆకు ముట్టుకోలేదు. నాకు సిగ్గేసి నేను తీయబోయాను. తల్లి నా మణికట్టు పట్టుకుంది. మార్కెట్టు ఊడ్చే చెయ్యి, గట్టిగా ఉంది.

"నీది నువ్వు తీసీసేవు గదమ్మా. అది నీది కాదు."

సాయంత్రం బండికి నేను వచ్చేదాకా అది అక్కడే ఉంది. చీమలు పట్టాయి.

తరువాతి సమావేశం మా గదిలోనే జరిగింది. భోజనం అయింది, ఫోటో ఉంది, నియమం ప్రకారం ఇల్లు పాసు కావాలి. మాస్టారు కళ్ళు మూసుకోకుండానే నివేదిక చదివారు, 'పరిశుభ్రత దృష్ట్యా ఈ ఇల్లు అనుకూలం కాదు' అని. మేడమ్ కూడా హైజీన్ బాగాలేదంది. గచ్చు మీద తిన్న ఆకు అలాగే వదిలేశారని కూడా అంది.

"వదిలింది మీ అధ్యక్షుడు," అన్నాను. "ఆకులో చెయ్యి కడిగింది మీ అధ్యక్షుడు."

"సెల్లెమ్మా," అన్నాడాయన, ఎంతో ఓపికగా. "మనం సేవ సేయడానికొచ్చేం. అవమానం పడ్డానికి కాదు కదా."

ముగ్గురు ఒక వైపు, నేనొక వైపు. ఖాళీ డాక్టరుగారి అమ్మాయికి వెళ్ళింది. ఆ పిల్లది తప్పేమీ లేదు, దాని గురించి నేను ఒక్క మాట అనను. నిర్ణయం అయ్యాక కింద నుంచి ఇడ్లీ, వడ వచ్చాయి. తిన్నారు. చట్నీ అంటిన ప్లేట్లు బ్యానరు కింద బల్ల మీద వదిలి, ఎవరికి వాళ్ళు లేచారు. ఎవరి ప్లేటు వాళ్ళు తీయండని గుమ్మంలో అడ్డం నిలబడి చెప్పాను. మాస్టారు నా పక్క నుంచి ఒదిగి దిగిపోయారు. ఆ ప్లేట్లు నేను తీయలేదు, మా పనిమనిషిని తీయనివ్వలేదు. మళ్ళీ సమావేశానికి వాళ్ళు వచ్చేసరికి గది తలుపు తీయగానే వాసనకు మేడమ్ ముక్కు మూసుకుంది. చట్నీ మీద బూజు పట్టింది. మీవే, అలాగే ఉంచానని చెప్పాను. అప్పటి నుంచి వాళ్ళ సమావేశాలు ఎక్కడ జరుగుతున్నాయో నాకు తెలియదు. పోతూ పోతూ బ్యానరు విప్పుకుని పోయారు, మేకులు మాత్రం గోడకు ఉన్నాయి.

ఇల్లు పాసు కాలేదన్న సంగతి ఆ ఇంటివాళ్ళకు చెప్పే పని కూడా నా మీదే వేశారు. ఫోనులో చెప్పలేక కొరాపుట్ వెళ్ళాను. ఆదివారం, నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. నా ముఖం చూడగానే తెలిసిపోయినట్టుంది. తల్లి టీ పెట్టింది. నేను మాట వెతుక్కుంటూ, ఆ విస్తరి చివరికి ఏమయిందని అడిగాను.

తండ్రి చెప్పాడు. "తెల్లారి డ్యూటీ కోటు ఏసుకుని, గ్లౌజులేసుకుని, బండి తోసుకొచ్చి ఎత్తీసినానండి. అప్పుడైతే అది ఉద్యోగం."

అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. చెల్లెలు దాని ఒళ్ళో తల పెట్టుకుని, మాట్లాడేవాళ్ళ పెదాలు ఒక్కొక్కటే చూస్తోంది. పెద్దపిల్ల ఇన్నాళ్ళూ ఏడవలేదట. ఆ రోజు కూడా ఏడవలేదు. తండ్రి వైపు చూడకుండా, నాతో అంటున్నట్టు అంది.

"ఒక్కాకు, అమ్మగోరూ. నేనెత్తీసేదాన్ని. వంగేను కూడా. ఒక్కాకు ఎత్తుంటే దీనికి సదువొచ్చేది."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ ఒక్క ఆకు ఎత్తి ఉంటే బహుశా అంతా జరిగిపోయేది. ఈ వేళ ఆ పిల్ల పెట్టె సర్దుకుంటూ ఉండేది. మా కమిటీ ఆ పిల్లకు నేర్పిన సంస్కృతి అదొక్కటే.

తండ్రి లేచి, తన గ్లాసు తనే కుళాయి దగ్గరకు తీసుకెళ్తూ, గుమ్మంలో ఆగాడు.

"నువ్వు వంగడం నేను సూసేను, అమ్మీ," అన్నాడు. "అందుకే ఆడి కారు కాడికి పరిగెట్టేను. నువ్వు ముట్టుకోకముందే ఆడొచ్చి తీసుకుపోతాడేమోనని."